చోడవరం మీద చుక్కల ముగ్గు

భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బి.ఎన్. రోడ్డు మా చోడవరం మీదుగానే వెళ్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ రోడ్డును ఎడిటర్‌లో తెరిచి పెద్దది చేసి చూడండి. గీత కాస్తా చుక్కలుగా విడిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు గీసిన చోట తిన్నటి రోడ్డుకు చుక్కలు ఎడంఎడంగా, మలుపు రాగానే దగ్గరదగ్గరగా పడతాయి. మలుపులో రెండు చుక్కలు తగ్గితే రోడ్డు మోచేయిలా విరుగుతుంది, ఎక్కువైతే గీత వణుకుతుంది. ధనుర్మాసంలో మా అమ్మ వాకిట్లో చుక్కలు పెట్టేటప్పుడు చూసిన పొదుపే ఇదీనూ.

2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన పటం ఇది. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, ఆ దేశం ముఖం ఎరగనివాళ్లు ఇళ్లలో కూర్చునే రాజధాని సందుగొందులన్నీ రోజుల్లో గీసేశారు. ఉపగ్రహ చిత్రాన్ని కింద పరుచుకుంటే జర్మనీలో ఉన్నవాళ్లూ మా చెరువుగట్టు గీయగలరు. ఆ చెరువును ఊళ్లో ఏమని పిలుస్తారో మాత్రం పైనుంచి కనిపించదు. పేరు మనమే రాయాలి.

నాకు ముచ్చటేసేది కూడళ్ల దగ్గరి పని. రెండు రోడ్లు కలిసేచోట రెండు గీతలూ ఒకే చుక్కను పంచుకోవాలి. ఆ చుక్క లేకపోతే కంటికి కలిసినట్టే ఉంటుంది గానీ, దారి చూపే ఫోనుకు అక్కడ మలుపే లేదు. వంతెన దగ్గర సంగతి వేరు. ఏటి గీతను రోడ్డు గీత దాటుతుంది, చుక్క మాత్రం కలపకూడదు. ఆ ముక్కను విడదీసి, వంతెన అని రాసి, ఒక అంతస్తు పైకెత్తాలి. పటం చూసేవాళ్లకు ఈ పని చాలామటుకు కనపడదు. కనపడని చోట ఇంత శ్రద్ధ పెట్టిన మనుషులంటే నాకు గౌరవం.

ఒకసారి వేసవిలో తీసిన ఉపగ్రహ చిత్రం చూసి నేనొక చెరువు గీశాను, నీళ్లున్నంత మేరకే. వారం తిరక్కుండానే ఎవరో దాన్ని గట్టుదాకా జరిపారు. ప్రతి గీతకూ చరిత్ర ఉంటుంది, పాత రూపాలన్నీ అందులో భద్రం. తెరిచి రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. గట్టు ఒంపు తిరిగేచోట నేను రెండు చుక్కలతో సరిపెట్టాను. ఆ తెలియని మనిషి ఏడు పెట్టారు.