గండియా, తూమా?

నెట్‌వర్కు నిర్మాణమును వృత్తిగా గైకొన్నవారికి ప్రయోగశాల యనగా ఒకప్పుడు గది నిండ పాత రూటర్లును, స్విచ్చులును, వాని హోరును. 2005లో ఫ్రాన్సు దేశస్థుడగు క్రిస్టోఫ్ ఫిలో సిస్కో రూటరును సామాన్యమైన కంప్యూటరులో ప్రోగ్రాముగా నడపగల డైనమిప్స్‌ను ఆరంభించిన పిదప, దానిని ఆధారము చేసికొని జీఎన్ఎస్3 వెలసిన తరువాత, ఆ గది యంతయు ఒక ల్యాప్‌టాప్‌లో ఇమిడిపోయినది. ఈ సౌలభ్యమును నేను మనసార శ్లాఘింతును. అయినను ఆ ల్యాబ్ ఎల్లకాలము ఏకాంతముగా నుండజాలదు. కొత్తగా వ్రాసిన ఫైర్‌వాల్ నియమములు అసలు సర్వరుతో పొసగునో లేదో, సంస్థలోని రూటరు ఈ కొత్త పొరుగుతో సరిగా మాటలాడునో లేదో తెలియవలెనన్న ఒకనాడు దానిని ప్రొడక్షన్‌తో కలుపక తప్పదు. ఆ కలుపు విధమునందే మా వృత్తి వివేకమంతయు నున్నదని నా నిశ్చయము.

రూటరు కల్పితమైనను దాని పలుకులు నిజమైనవి. డైనమిప్స్‌లో నడచునది సిస్కోవారి అసలు ఐఓఎస్సే. దానినుండి వెలువడు ఓఎస్‌పీఎఫ్ హలో ప్యాకెట్టునందు ఇది పరీక్షయని తెలుపు గుర్తు ఏదియు లేదు గనుక, అమరికలు సరిపోలినచో అవతలి రూటరు దానిని నమ్మి పొరుగుగా స్వీకరించును.

వర్చువల్ మిషనును బ్రిడ్జ్‌డ్ పద్ధతిలో నిలుపుట క్షణకాలపు పని. కాని కాలువ గట్టునకు గండి కొట్టుట వేరు, తూము పెట్టుట వేరు, బ్రిడ్జింగు గండియే. ల్యాబ్‌లోని డీహెచ్‌సీపీ సర్వరు ఆఫీసు కంప్యూటర్ల పిలుపునకు ముందుగా బదులిచ్చినచో, అవి సాధారణముగా మొదట వచ్చిన చిరునామానే గ్రహించి దారి తప్పును. ఇంతకన్న దారుణమైనది వీటీపీ. వీలాన్‌ల పట్టికను స్విచ్చులన్నింటికి పంచు ఈ సిస్కో పద్ధతియందు, మొదటి రెండు వెర్షన్లలో, డొమైను పేరును పాస్‌వర్డును ఒకటైనచో, రివిజన్ సంఖ్య ఏ స్విచ్చుకు అధికమో దాని మాటయే చెల్లును. ప్రతి మార్పునకు ఆ సంఖ్య ఒకటి చొప్పున పెరుగును. అసలు స్విచ్చునుండి ఆ వివరములను యథాతథముగా దించుకొని, వీలాన్‌లను చేర్చుచు తీయుచు అభ్యాసము చేసిన ల్యాబ్ స్విచ్చుకే పెద్ద సంఖ్య యుండుట సహజము గదా! అట్టిదానిని ట్రంకు పోర్టుకు తగిలించిన మరుక్షణమున అసలు పట్టిక చెరిగి, ల్యాబ్ పట్టికలో లేని వీలాన్‌లలోని పోర్టులన్నియు మూగవోవును. ఎంత శ్రద్ధగా అభ్యసించినవాని ల్యాబ్ అంత ప్రమాదకరమగుట నన్ను ఎప్పుడును కలతపెట్టు విషయము.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ను తమ దేశమున ఆపుటకై 208.65.153.0/24 అను రూటును ప్రకటింపగా, పై నెట్‌వర్కు దానిని వడపోయక లోకమునకు వదలినది. యూట్యూబ్‌వారి /22 కన్న ఇది నిర్దిష్టమైనది గనుక ప్రపంచపు ట్రాఫిక్కు అటు మరలినది. అది ల్యాబ్ కాదు. అయినను లోపల నుండదగినది హద్దు దాటుటయే అక్కడి కారణమును.

కావున నేను ముందు హద్దును కట్టి, పిదప ల్యాబ్‌ను కట్టుదును. నడుమ ఒక రూటరు. దానిపై పేరుపేరున అనుమతించిన చిరునామాలు మాత్రమే. రూటింగు ప్రోటోకాలునే పరీక్షింపవలసివచ్చిననాడు తప్ప తక్కిన వేళల స్టాటిక్ రూట్లు. న్యాట్ సులభమే గాని, అది నిజమైన చిరునామాను మరుగుపరచుటచే పొరుగు రూటర్ల పరీక్షకు పనికిరాదు. చిరునామాలకు పనితీరు పరీక్షలకై ప్రత్యేకింపబడిన 198.18.0.0/15 నాకు ప్రియము. ఆఫీసు 10తో మొదలగు చిరునామాలలో నుండును గనుక, ల్యాబ్‌నుండి జారినది ఎక్కడ కనబడినను చూడగనే తెలియును. ప్రొడక్షన్ వైపు పోర్టున బీపీడీయూ గార్డును, డీహెచ్‌సీపీ స్నూపింగును నిలిపిన తరువాతనే తీగె తగిలించుట.

ఇంత చేసినను, అనుమతి లేక నిలిచిపోయిన ప్యాకెట్ల లాగ్‌ను మొదటి గంట దగ్గర కూర్చుండి చదువుదును. అసలు రూటరునుండి కాపీ చేసిన కాన్ఫిగరేషనులో నేను మరచిన సంగతులన్నియు అందు వెల్లడియగును: సంస్థ సిస్‌లాగ్ సర్వరునకు పోజూచిన సందేశములు, నిజమైన లాగిన్ సర్వరును అడిగిన పాస్‌వర్డు ప్రశ్నలు. ఒక్కొక్క పంక్తికి కారణము కనుగొని, ల్యాబ్‌లో దానిని సరిదిద్ది, పిమ్మటనే తరువాతి అనుమతిని వ్రాయుదును.