చిత్రకారుని జాబు

జాబును చదువుట వేరు, చూచుట వేరు. అచ్చుపడిన జాబులో అర్థము మిగులును గాని, వ్రాసినవాని చేయి కానరాదు. సామాన్యుల జాబులకు ఇది గొప్ప లోపము కాకపోవచ్చును. చిత్రకారుని జాబునకు మాత్రము సగము ప్రాణము పోయినట్లే.

హాలండు దేశపు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888 అక్టోబరులో ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణమునుండి తమ్ముడు థియోకు వ్రాసిన జాబు ఇందుకు నిదర్శనము. అప్పుడాతని కన్నులు అలసియున్నవి. పని మాని విశ్రమింపవలసి వచ్చినది. ఆ దినములలోనే తన పడకగదిని చిత్రింపవలెనను తలపు పుట్టి, దాని రేఖాచిత్రమును జాబులోనే సిరాతో గీసెను.

అక్షరమును నడపిన చేయియే మంచమును గీసినది. మంచము, కుర్చీలు నేలపై గట్టిగా నిలిచియున్నవి. సిరాకు రంగు లేదు. ఆ కొరతను మాటలు తీర్చినవి. గోడలు లేత ఊదా, మంచము వెన్నవంటి పసుపు, దుప్పటి ఎరుపు, కిటికీ ఆకుపచ్చ అని ఒక్కొక్క వస్తువునకు రంగు చెప్పుచు పోయెను. రూపమును గీత యిచ్చినది, వర్ణమును మాట యిచ్చినది. వాగర్థములవలె కలిసియున్న ఈ రెంటిలో ఒకదానిని తొలగించినచో రెండవది కుంటుపడును.

ఆతని గీతలలో ఉన్మాదమును వెదకువారు కలరు. అదే సంవత్సరము డిసెంబరులో ఆతడు తన చెవిని కోసికొనుట ఎల్లరెరిగినదే. పిమ్మట జరిగినదానిని మనసున నుంచుకొని ముందు వ్రాసినదానిని చదువుట విమర్శ కాదు. సామానుల బలిష్ఠమైన ఆకృతి చలింపని విశ్రాంతిని తెలుపవలెనని ఆతడీ జాబులోనే చెప్పియున్నాడు. గది వెనుకగోడ ఏటవాలుగా తోచుటయు మనోవికారము కాదు. ఆ యింటి గోడయే అట్లుండెను.

1890 జూలైలో విన్సెంటును, 1891 జనవరిలో థియోయు మరణించిరి. థియో భార్య యోహానా ఏడాది నిండని బిడ్డతో మిగిలెను. విద్యావతియైన ఆ వితంతువు బసయిల్లు నడపి జీవించుచు, ఆ జాబులను దాచి, క్రమపరచి, 1914లో మూడు సంపుటములుగా ప్రకటించెను. మాటలను లోకమునకిచ్చి ఆమె ఊరకుండలేదు. కాగితములను కూడ కాపాడెను. కావుననే నేడు మనము ఆ జాబులను చదువుటయే గాక చూడగలుగుచున్నాము. చదువుకొన్న స్త్రీ ఇంటనుండుట ఎంత మేలో చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?