చిలకలూరిపేట నాదస్వర బాణి: జీవితచరిత్రల మౌనం

నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా (1924–1999) జీవితకథ ఒంగోలు సమీపాన కరవదిలో మొదలై శ్రీరంగంలో స్థిరపడుతుంది. నడుమ చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు తరచుగా ఒక్క వాక్యంలో గురువుగా కనిపించి తప్పుకొంటారు.

పొన్నూరు, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతాలలో ఆలయోత్సవాలకూ పెండ్లిండ్లకూ సన్నాయి పట్టిన ముస్లిం కుటుంబాల సంప్రదాయం ఆదం సాహెబుది. శిష్యుని వాదనంలో గురువు బాణిని వెదకడం సహజమే కాని, ఇక్కడ అది చిక్కు. చినమౌలానా తంజావూరు బాణిని కోరి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద మళ్ళీ శిష్యరికం చేశారు. కనుక ఆయన రాగాలాపనను చిలకలూరిపేటకు సాక్ష్యంగా నిలపలేము. పూర్తిగా తంజావూరుకు అప్పగించనూ లేము. ఊపిరి, వేళ్ళ పని తంజావూరు శిక్షణకు ముందే కుదిరింది కదా.

మరొక పత్తినేల మిసిసిపీ డెల్టాలో పరిస్థితి వేరు. బ్లూస్ గాయకుడు సన్ హౌస్ 1964లో తిరిగి వెలుగులోకి వచ్చేవరకు మరుగుననే ఉన్నా, 1930లో పారామౌంట్‌కు పాడిన రికార్డులు ఉన్నాయి. ఆయనను విని నేర్చిన రాబర్ట్ జాన్సన్ పాటతో వాటిని నేరుగా పోల్చవచ్చు.

ఇక ఈ విద్వాంసులను మతసామరస్య ప్రతీకలుగా కీర్తించే వ్యాసాలు బాణి చర్చనే దాటవేస్తాయి. ముస్లిం రామకీర్తన వాయించాడన్న ఆశ్చర్యం తీరేసరికి వ్యాసం ముగుస్తుంది. ఎలా వాయించాడన్నది మిగిలిపోతుంది. చినమౌలానా శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ పొందారు. ఏ కీర్తనకు ఏ సంగతులు పేటలో నేర్పేవారో, శ్రీరంగంలో వేటిని మార్చారో వాద్యకారుల కుటుంబాలలోనే సేకరించవలసి ఉంది.