గూఢచార పాత్రధారణ క్రీడల్లో నాటకీయ ఘటన కార్డులు: మోత్కూర్ నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: బల్ల చుట్టూ కూర్చుని ఆడే గూఢచార పాత్రధారణ క్రీడల్లో కథను మలుపు తిప్పడానికి నాటకీయ ఘటన కార్డులను వాడుతారు. కార్డు తెచ్చే మలుపు యాదృచ్ఛికం. గూఢచార కథ మాత్రం కార్యకారణ సంబంధం మీద నడుస్తుంది. ఈ వైరుధ్యాన్ని ముద్రారాక్షసం వెలుగులో పరిశీలించి, తెలంగాణ సాయుధ పోరాట కాలపు మోత్కూర్‌ను ఆటకు వేదికగా తీసుకుంటే అది చరిత్ర వ్యాఖ్యానాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పాత్రధారణ క్రీడ, ఘటన కార్డు, యాదృచ్ఛికత, ముద్రారాక్షసం, మోత్కూర్, సాయుధ పోరాటం.

1. ప్రవేశిక

రోల్ ప్లేయింగ్ గేమ్‌గా వ్యవహరించే పాత్రధారణ క్రీడలో ఒకరు సూత్రధారిగా ఉండి కథాసందర్భాన్ని కల్పిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. వారు తలపెట్టిన పని ఫలించిందా లేదా అన్నది నియమాలు, పాచికలు తేలుస్తాయి. 1980లో టీఎస్ఆర్ సంస్థ వెలువరించిన 'టాప్ సీక్రెట్', 1983లో విక్టరీ గేమ్స్ ప్రచురించిన 'జేమ్స్ బాండ్ 007' గూఢచార ఇతివృత్తంతో వచ్చిన తొలితరం ఆటలు. జేమ్స్ బాండ్ ఆటలో 'హీరో పాయింట్లు' ఖర్చుచేసి ఆటగాడు ఒక చర్య ఫలితాన్ని మెరుగుపరచుకోవచ్చు. కథాగమనాన్నే మార్చే అవకాశాన్ని ఆటగాడి చేతికి ఇచ్చినవి కార్డులు. 1987లో లయన్ రాంపంట్ తెచ్చిన 'విమ్సీ కార్డులు', 1990లో వెస్ట్ ఎండ్ గేమ్స్ వెలువరించిన 'టోర్గ్' ఆటలోని 'డ్రామా డెక్' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. టోర్గ్ కేవలం గూఢచార క్రీడ కాదు. అయినా అందులోని అనుమానం, పొరపాటు గుర్తింపు, అసలు రూపం వంటి ఉపకథా కార్డులు గూఢచార కథకు ముడిసరుకే.

2. కార్డు ప్రయోజనం, పరిమితి

ఘటన కార్డు రెండు పనులు చేస్తుంది. ఊహించని మలుపు తెస్తుంది. కథ చెప్పే అధికారాన్ని సూత్రధారికీ ఆటగాళ్లకూ పంచుతుంది. వీటిలో రెండవదే విలువైనది. అయితే కార్డుకు గతం తెలియదు. పాత్రలు ఎంత జాగ్రత్తగా నడచుకున్నా, ఎంత అజాగ్రత్తగా ఉన్నా, కట్టలోంచి వచ్చే 'అనుమానం' ఒక్కటే. జాగ్రత్తకు విలువ లేనిచోట గూఢచార కథకు ఉత్కంఠ మిగలదు. 2012లో వచ్చిన కెన్నెత్ హైట్ రచన 'నైట్స్ బ్లాక్ ఏజెంట్స్' ఈ విషయంలో వేరే దారి పట్టింది. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే అక్కడి కీలక ఆధారం దొరికి తీరుతుంది. దాన్ని పాచికకు వదలరు. దొరికినదానితో ఏం చేయాలన్నదే అక్కడ అసలు సమస్య.

3. ముద్రారాక్షసంలోని ఉంగరం

యాదృచ్ఛికతకు గూఢచార కథలో సముచిత స్థానమేదో విశాఖదత్తుడు ముద్రారాక్షసం ప్రథమాంకంలోనే చూపించాడు. చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటం చూపించేవాడి వేషంలో చందనదాసు ఇంట ప్రవేశిస్తాడు. బయటికి రాబోయిన పసివాణ్ని లోనికి లాగుతున్న స్త్రీ వేలినుంచి రాక్షసమంత్రి ముద్రిక జారి, దొర్లుకుంటూ వచ్చి అతని పాదాల దగ్గర ఆగుతుంది. ఉంగరం జారడం కేవలం యాదృచ్ఛికం. కానీ చారుడు అక్కడ ఉండడం యాదృచ్ఛికం కాదు. మగవాని వేలికి చేయించిన ఉంగరం ఆమె వేలికి వదులైంది. భర్త పరారీలో ఉండగా ఆమె ఆ ఇంట తలదాచుకుంది. ఆ ముద్రతో కూటలేఖను సృష్టించి, రాక్షసునికీ మలయకేతువుకూ మధ్య విభేదం పుట్టించినది చాణక్యుని బుద్ధి. ఘటన తటస్థించిన క్షణం మాత్రమే అదృష్టానిది. దానికి పూర్వరంగమూ పర్యవసానమూ పాత్రలవి. ఘటన కార్డు ఆశించవలసిన ప్రమాణం ఇదే.

4. మోత్కూర్ వేదికగా

ఈ ప్రమాణం ఎంత అవసరమో స్థానిక చరిత్రను ఆటగా మలచినప్పుడు తెలుస్తుంది. 2016 జిల్లాల పునర్విభజనతో యాదాద్రి భువనగిరిలో చేరిన మోత్కూర్ అంతకుముందు నల్లగొండ జిల్లాలోది. 1946-51 సాయుధ పోరాటానికి నల్లగొండ ప్రధాన కేంద్రం. 1948 వేసవిలో ఒక యువతి మోత్కూర్ నుంచి దళానికి చీటీ చేరవేయాలన్నది ఆటఘట్టమని ఊహిద్దాం. రహస్యంగా కబుర్లు మోయడం, అన్నం పెట్టడం, దాచిపెట్టడం వంటి పనుల్లో స్త్రీల పాత్రను స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' వారి మాటల్లోనే నమోదు చేసింది.

ఈ ఘట్టంలో ఒక ఆటగాడు 'ద్రోహం' కార్డు తీశాడనుకుందాం. అన్నం పెట్టిన ఇంటివాడే రజాకార్లకు కబురందిస్తాడు. మలుపు రక్తి కట్టవచ్చు. కానీ ద్రోహం ఎందుకు జరిగిందో కార్డు చెప్పదు. నాటి పల్లెల్లో నోరు విప్పించడానికి చిత్రహింసలుండేవి, ఇళ్లు తగలబెట్టేవారు, దొర చేతిలో భూమి, పటేల్ పట్వారీల చేతిలో లెక్కలు ఉండేవి. వీటన్నిటినీ తొలగించి మిగిలిన ద్రోహం దురదృష్టంగానో, మనిషి సహజ నీచత్వంగానో కనిపిస్తుంది. ఒత్తిడి పెట్టిన అధికారం కథలోంచి తప్పుకుంటుంది. ఇది ఆటనియమంలోని లోపంగా మొదలై చరిత్ర వ్యాఖ్యానంలోని లోపంగా పరిణమిస్తుంది.

5. ప్రత్యామ్నాయం

చరిత్రలో యాదృచ్ఛికతకు చోటే లేదా అన్న ఆక్షేపణ సహేతుకమే. అకాల వర్షం, కుక్క మొరగడం, దారిలో బంధువు ఎదురుపడడం వంటివి ఎన్నో రహస్య ప్రయాణాలను తారుమారు చేయగలవు. అందువల్ల కార్డులను తొలగించనక్కరలేదు. వాటి పరిధిని నిర్ణయించాలి. ప్రకృతి, కాలం, సమాగమం కార్డుకు వదలవచ్చు. విశ్వాసం, ద్రోహం వదలకూడదు. 'అనుమానం' కార్డు చెల్లాలంటే పాత్ర అంతకుముందు ఒక జాడ విడిచి ఉండాలి: ఒకే బాటను రెండుసార్లు తొక్కడం, ఆశ్రయమిచ్చిన ఇంట వండే బియ్యం హఠాత్తుగా పెరగడం వంటివి. కార్డు వేసిన ఆటగాడు ఆ జాడను పేర్కొని, దానికి మూల్యం చెల్లించేది ఎవరో కూడా చెప్పాలి. చీటీ మోసిన యువతి తప్పించుకున్నా అన్నం పెట్టిన ఇల్లు ఊళ్లోనే మిగులుతుంది. ఆ ఇంటి గతి తేలకుండా ఘట్టం ముగియరాదన్న నియమం ఒక్కటి చాలు, సాహసగాథ సామాజిక కథగా మారడానికి.

6. ముగింపు

నాటకీయ ఘటన కార్డు కథకు వేగమిస్తుంది, కారణమివ్వలేదు. ఉంగరం జారిన క్షణానికి ముందూ వెనుకా ఉన్న మనుషుల నిర్ణయాలను ఆటగాళ్లు పూరించినప్పుడే అది గూఢచార కథకు ఉపకరిస్తుంది. మోత్కూర్ వంటి ఊళ్ల పోరాట అనుభవాన్ని తరగతి గదిలో ఆటగా బోధించదలచిన అధ్యాపకులు కార్డుల కట్టను తయారుచేసే ముందే ఏ ఘటనలను అదృష్టానికి వదలకూడదో నిర్ణయించుకోవడం అవసరం.