మూలబడిన మంచి పుస్తకములు

తెలుగున చదువదగిన వచనగ్రంథములెవ్వియని జంగారెడ్డిగూడెము వంటి మెట్టసీమ పట్టణమున చదువుకొన్న గృహస్థు నడిగినచో, రెండు మూడు నవలల పేర్లు చెప్పి యూరకుండును. ఇది యాతని దోషము కాదు. పాఠ్యపుస్తకములును సభలును మఱల మఱల ఆ పేర్లనే వినిపించుచున్నవి. తక్కిన ప్రక్రియలలో మన పూర్వులు చేసిన కృషి మూలబడియున్నది. అట్టివానిలో నాలుగింటిని గూర్చి మా యభిప్రాయము మనవి చేయుచున్నాము.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన వీరు 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. గ్రంథము 1838 లో అచ్చుపడెను. త్రోవలు, మజిలీలు, ఆయా సీమల యాచారములు ఇందు వాడుకకు దగ్గఱయైన మాటలతో నున్నవి. వర్ణభేదమును గూర్చి వీరి తలపులు నేడు మనకు సమ్మతములు కావు. అయినను చూచినదానిని చూచినట్లు వ్రాయు నేర్పు మన వచనమున కెంత పూర్వమే యబ్బెనో దీనివలన తెలియును.

రెండవది భండారు అచ్చమాంబగారి అబలాసచ్చరిత్ర రత్నమాల. పాఠశాలకు బోక, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున చదువు నేర్చిన ఈమె, స్త్రీలు బుద్ధిహీనలను వాదమును ఖండించుటకై భారతస్త్రీల చరిత్రములను సేకరించి 1901 లో వెలువరించెను. తలపెట్టిన పని ముగియక మునుపే, 1905 లో, ముప్పదియేండ్ల ప్రాయమున మరణించెను. పలు చరిత్రములలో పాతివ్రత్యమే పెద్ద కొలబద్ద యగుట ఇందలి కొఱత. ఆ కొలబద్దను ప్రశ్నించుచు చదువు కోడలికిని కూతురికిని ఈ గ్రంథము మఱింత మేలు చేయును.

మూడవది కందుకూరి వీరేశలింగముపంతులుగారి సత్యరాజా పూర్వదేశయాత్రలు. స్విఫ్టు పండితుని కల్పిత యాత్రాగ్రంథము దీనికి త్రోవ చూపినది. ఆడుమళయాళమున స్త్రీలు ఏలికలు. పురుషులు పత్నీవ్రతము నవలంబించి యణగియుండవలెను. మగవాడు తాను విధించిన నియమములను తానే మోయుట చూచి నవ్వుదుము, నవ్వి సిగ్గుపడుదుము. పది యుపన్యాసములు చేయలేని పని ఈ నవ్వు చేయుచున్నది.

నాలుగవది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. 1906 లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి మొదట ప్రకటించిన గ్రంథమిది. దూరదేశపు దాస్యమునకు కంట నీరు పెట్టు చదువరి తన గడపలోని యంటరానితనమును మఱచెనేని, చదివిన ఫలమేమి? ఆ ప్రశ్న పుట్టించుటయే యీ గ్రంథమువలని ప్రయోజనము.

ఇవి దొరకవను మాట నేడు చెల్లదు. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము వంటి చోట్ల పాత పుస్తకములు నిలువయున్నవి. అంతర్జాలమునను పెక్కు ప్రతులు ఉచితముగా లభించుచున్నవి. పుస్తకము చెదలవలన చచ్చుటకంటె, ఇంటిలో దాని పేరెత్తువారు లేక చచ్చుటయే యెక్కువ.

పాతదగుటచేతనే మంచిదని మేమనుటలేదు. తప్పొప్పులు తూచి చదువుడు. నెలకొక క్రొత్త పేరు ఊరి గ్రంథాలయమున నడుగుడు. చదివినదానిని భోజనానంతరమున ఇంటివారికి చెప్పుడు. అడుగువారున్నచో పుస్తకము తనంతట వెలికి వచ్చును.