బర్రె ఈనింది, మనిషి ప్రసవించింది

ఒక జంతువుకు ఉన్న సరైన పేరే మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని తిట్టే మాటగా కూడా చలామణి అవుతుంటే ఆ పేరుని ఏం చేయాలి? వాడటం మానేయాలా? మర్యాదైన మరో మాట వెతుక్కోవాలా? ఇంగ్లీషులో ఈ పంచాయితీ పాతదే. కుక్కల్ని పెంచేవాళ్లు ఆడకుక్కని ఇప్పటికీ 'బిచ్' అనే అంటారు, పోటీల కాగితాల్లో అలాగే రాసుకుంటారు. అదే మాట ఒక స్త్రీ వైపు తిరిగితే తిట్టు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో మర్యాదస్తులు కోడిపుంజుని 'కాక్' అనడానికి నోరు రాక 'రూస్టర్' అనడం అలవాటు చేసుకున్నారు. ఆబోతుని 'జెంటిల్మన్ కౌ' అన్నవాళ్లు కూడా ఉన్నారట. వింటే నవ్వొస్తుంది. కానీ అలాంటి పనే మనమూ చేస్తున్నాం.

తెలుగులో సంగతి కొంచెం వేరు. ఆడకుక్కకి మనకు వేరే మాట లేదు, 'ఆడ' చేర్చుకుంటాం అంతే. కుక్క, గాడిద, పంది, కోతి - ఇవి ఆడా మగా తేడా లేకుండా పంచిపెట్టిన తిట్లు. (గాడిదా అని తల్లి పిల్లని ముద్దుగా పిలుచుకోవడమూ ఉంది. మట్టల ఆదివారం నాడు చర్చిలో ఏసు గాడిదపిల్ల నెక్కి వచ్చిన ఘట్టం చదువుతుంటే ఎవరూ నవ్వరు, ఎవరూ నొచ్చుకోరు.) ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా దాచిపెట్టిన తిట్లు మన భాషలో జంతువుల పేర్లలో కంటే వాటి శరీరాలకు జరిగే పనుల పేర్లలో ఎక్కువగా ఉన్నాయి. ఎదకు రావడం, చూడి కట్టడం, ఈనడం, వట్టిపోవడం, గొడ్డుపోవడం. ఇవన్నీ పాడి చేసేవాళ్ల పనిమాటలు. కొట్టంలో అవి లేకపోతే రోజు గడవదు. కొట్టం దాటి వంటింట్లోకి వచ్చాక అవే మాటలు కోడలి మీద విసరడానికి పనికొస్తాయి.

ఈ తేడా గురించి నేను గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టింది మాత్రం లైబ్రరీలో కాదు, పంజాగుట్టలో ఒక ఆఫీసులో. కొన్నేళ్ల కిందట ఆ సంస్థ పొదుపు సంఘాల్లోని ఆడవాళ్ల కోసం పాడిపశువుల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం వేస్తుంటే, తెలుగు సరిచూసే పని నాకొచ్చింది. పశువైద్యులు రాసిన మూలంలో 'ఎద లక్షణాలు', 'మూగ ఎద', 'చూడి బర్రె మేపు', 'ఈతకీ ఈతకీ మధ్య ఎడం' లాంటి మాటలున్నాయి. అక్కడి పెద్దాయన ఎర్ర సిరాతో అన్నిటినీ కొట్టేశారు. ఎద 'ఋతుకాలం' అయింది. చూడి బర్రె 'గర్భిణి గేదె' అయింది. ఈనడం 'ప్రసవించుట' అయింది. ఒకచోట ఏకంగా 'మహిషం' వచ్చి కూర్చుంది. "చదివేది ఆడవాళ్లమ్మా, ఈ మాటలు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారాయన. నిజాయితీగానే అన్నారు. ఆడవాళ్లని అవమానించకూడదన్న పట్టింపు ఉన్న మనిషే.

ఆ సంస్కారవంతమైన పాఠాన్ని మెదక్ వైపు ఒక పల్లెలో సంఘం ఆడవాళ్లకి చదివి వినిపించాం. రెండు పేజీలు విన్నాక ఒకామె, "ఇది బర్రె ముచ్చటనా, మనిషి ముచ్చటనా మేడం?" అని అడిగింది.

ఆ ప్రశ్నని హాస్యంగా తీసుకోకూడదు. బర్రె ఇరవై ఒక్క రోజులకోసారి, సుమారుగా ఒక రోజు పాటు ఎదలో ఉంటుంది. ఆవులా అరిచి గోల చేయదు, చాలాసార్లు బయటికి ఏమీ కనిపించదు. ఎండాకాలంలో మరీనూ. దాన్నే మూగ ఎద అంటారు. తోక ఎత్తడం, తీగ వేయడం, మేత తగ్గడం లాంటి చిన్న గుర్తుల్ని పట్టుకోగలిగేది రోజూ పొద్దున్నే పెండ తీసి పాలు పితికే ఆడమనిషే. ఆ రోజు తప్పిపోతే మళ్లీ ఇరవై ఒక్క రోజులు. పాలివ్వని బర్రెకి అన్నాళ్లూ తౌడు, గడ్డి పెట్టాలి. 'ఋతుకాలం' అని చదివినామె తన ఒంటి లెక్కతో రక్తం కోసం ఎదురుచూస్తే? కొన్ని పశువుల్లో రక్తపు జాడ కనిపించేది ఎద పోయాక! మర్యాద కోసం మార్చిన ఒక్క మాట ఖరీదు ఇది. ఆ ఖరీదు కట్టేది సంపాదకులు కాదు, సంఘంలో అప్పు తీసుకుని బర్రెని కొన్న ఆడమనిషి.

అయితే, ఈ మాటలు ఎవర్నీ నొప్పించవని తేల్చేసి చేతులు దులుపుకోవడానికి కూడా వీల్లేదు. ఆ సంఘంలో కూర్చున్నవాళ్లలో ఎవరినైనా, మూడోసారి ఆడపిల్ల పుట్టినప్పుడు అత్త "మళ్లీ ఈనింది" అంటే ఆమె జన్మలో మరిచిపోదు. మాట అదే, పలికే మనిషి కూడా అదే ఊరి మనిషి. మరి మారిందేమిటి?

మారింది లెక్క అని నా అభిప్రాయం. కొట్టంలో పెయ్యదూడ పుడితే పండగ. మగదూడ పుడితే దానికి పాలు కూడా సరిగా వదలరు, అది బక్కచిక్కి పోయినా పెద్దగా అడిగేవాళ్లుండరు. ఇంట్లో ఈ లెక్క తలకిందులవుతుంది. పశువు విషయంలో 'ఈనింది' అనేది లాభాన్ని చెప్పే మాట. కోడలి విషయంలో అదే మాటని నష్టం రాసే పద్దుగా వాడతారు. ఆమెని జంతువుతో పోల్చడం దగ్గరే ఆగిపోతే ఇంత బాధ ఉండదేమో. పోల్చి, ఆ జంతువుకున్న విలువ కూడా నీకు లేదనడంలో ఉంది దెబ్బంతా. చూడి బర్రెకి చివరి రెండు నెలలూ దాణా పెంచాలని పుస్తకంలో ఉంటుంది, పెంచుతారు కూడా. కడుపుతో ఉన్న కోడలికి అందరూ తిన్నాక మిగిలిందే. "మమ్మల్ని పశువుల్లా చూస్తున్నారు" అని మనం స్త్రీవాద వ్యాసాల్లో ఎన్నిసార్లు రాసుంటాం! పాడి చేసే ఆడవాళ్ల ముందు ఈ వాక్యం చదవడానికి నాకిప్పుడు జంకుగా ఉంటుంది. పశువుని ఎలా చూస్తారో వాళ్లకి తెలుసు.

'ఈను' అన్న క్రియనే చూడండి. వరి ఈనుతుంది. పొట్ట దశ తర్వాత ఈనిక దశ అని వ్యవసాయ శాఖవాళ్లు ఇప్పటికీ రాస్తారు. జాతరలో జనాన్ని చూసి 'నేల ఈనిందా అన్నట్టు' అంటాం. పక్కనే తమిళంలో ఇదే ధాతువు తల్లికి గౌరవవాచకం. తిరుక్కురళ్‌లో కొడుకు గొప్పవాడని విని తల్లి పొంగిపోయే కురళ్‌లో, ఆమె అతన్ని కన్న క్షణాన్ని చెప్పడానికి వాడింది ఈ క్రియనే. పైరు ఈనొచ్చు, నేల ఈనొచ్చు, తమిళ తల్లి ఈనొచ్చు, తెలుగు ఆడమనిషి ఒక్కతే ఈనకూడదు! ప్రసవించాలి, లేదా డెలివరీ కావాలి. ఇంకో వైపు 'చేపు' ఉంది. బర్రె చేపుతుంది. బిడ్డ ఏడుపు వినగానే తల్లికీ పాలు చేపుకొస్తాయి. ఎవరికీ సిగ్గు లేదు. 'మాయ' ఇద్దరికీ ఉంది, ముర్రుపాలు ఇద్దరికీ ఉన్నాయి. కాన్పు చేసిన మంత్రసానులూ పాలు పితికిన ఆడవాళ్లూ తమలో తాము వాడుకున్న మాటలు ఇలా రెండు వైపులా హాయిగా తిరిగాయి. పంపకం చేసేవాడి చేతిలో పడ్డ మాటలే తిట్లయ్యాయి అనిపిస్తుంది. 'గొడ్డు' సంగతీ అంతే. పశువు అనే గొడ్డూ, గొడ్రాలు లోని గొడ్డూ ఒకే వేరువా కాదా అన్నది భాషాశాస్త్రజ్ఞులు చూసుకుంటారు. పిల్లలు లేనామె చెవికి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. అదే ఆడవాళ్లు తమ పనికి తాము పెట్టుకున్న పేరు 'గొడ్డు చాకిరీ'. ఆ మాట తిట్టు కాదు, ఫిర్యాదు. దాన్ని ఎవరూ సంస్కరించబోరు.

ఇక సంస్కృతం వైపు వెళ్తే ఇంకా తమాషాగా ఉంటుంది. మహిషి అంటే ఆడ బర్రె. రాజుగారి పెద్ద భార్య కూడా మహిషే. పట్టమహిషి అనిపించుకున్న రాణి ఎవరూ నొచ్చుకున్న దాఖలా లేదు. మునిపుంగవుడు, పండితపుంగవుడు అన్నప్పుడు పుంగవమంటే ఎద్దు. మగవాళ్లకి జంతువు ఎక్కువగా బిరుదుగానే అంటుకుంది: పుంగవుడు, శార్దూలం, సింహం. మామూలు తెలుగులోనూ 'కోడెవయసు' అంటే మెచ్చుకోలే. 'అచ్చోసిన ఆబోతు' తిట్టే గానీ, దేవుడి పేరున అచ్చేసి వదిలిన ఆబోతుని పనికి కట్టరు, ఊరంతా దాని మేతే. ఆ తిట్టులో కాస్త అసూయ కలిసి ఉంది. ఆడదాన్ని తిట్టడానికి అలా పని లేకుండా తిరిగే జంతువు ఒక్కటీ దొరకదు. కావ్యాల్లో గజగామిని పొగడ్త. కొక్కోకుడి రతిరహస్యంలో ఆడవాళ్లని నాలుగు జాతులుగా విడగొట్టినప్పుడు చిట్టచివరన నిలబెట్టిన జాతి హస్తిని. నడక వరకే ఏనుగు కావాలి, ఆకలీ కోరికా ఏనుగులా ఉంటే పనికిరాదు.

పెద్దాయన బర్రెని గేదెగా మార్చడంలో ఇంకో సంగతి కూడా ఉంది. తెలంగాణలో నోటి మాట బర్రె. పాఠ్యపుస్తకాల మాట గేదె. గేదె మర్యాద, బర్రె మొరటు అనే వరస ఆడవాళ్ల గౌరవం కోసం పుట్టింది కాదు. నలుపు, ఒళ్లు, మందబుద్ధి అని బర్రె మీద మోపిన నిందల వెనక కులం ఉందని కంచ ఐలయ్య 2004లో వచ్చిన 'బఫెలో నేషనలిజం'లో వాదించారు. దేశంలో పాలలో సగానికి దగ్గరగా ఇచ్చే జంతువుకి పూజ లేదు, పైగా దాని పేరు తిట్టు. ఆయన పుస్తకంతో నాకు పేచీలున్నాయి. బర్రెకీ బహుజనులకీ మధ్య పోలిక ఉంది గానీ, ఆ బర్రె కింద కూర్చుని పాలు పితికే ఆడమనిషి కనిపించాల్సినంతగా కనిపించదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక కూడా మన విమర్శ దళిత స్త్రీల అనుభవాన్ని చదివినంతగా వాళ్ల పనిమాటల్ని చదవలేదు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ మాట రోజూ వినిపిస్తుంది. లెక్క రాని పిల్లని "బర్రెలు కాసుకో పో" అంటారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి "ఇంతసేపూ గాడిదలు కాస్తున్నావా?" అంటారు. గమనిస్తే, ఇక్కడ జంతువు తిట్టు కాదు, కాయడం తిట్టు. నక్కా, పిల్లి, కాకి, గేదెల లాంటి ఇంటిపేర్లున్న పిల్లలు హాజరు పిలిచేటప్పుడు నవ్వులు భరించలేక మొదటి అక్షరంతో సరిపెట్టుకోవడం కూడా అక్కడే చూశాను. నాగర్‌కర్నూల్ నుంచో నల్గొండ నుంచో వచ్చి, నలుగురితో ఒక గదిలో సర్దుకుని, జావా, స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్న అమ్మాయిల్లో చాలామంది ఇంటి దగ్గర బర్రెలున్నాయి. వాళ్ల ఫీజుల్లో ఆ పాల డబ్బులున్నాయి. తల్లి చేసే పని పేరుతో తనని తిడుతుంటే ఆ పిల్ల క్లాసులో తలొంచుకుని కూర్చోవాలి.

కర్నె శిరీష చేసిన పనికి నేను అంత విలువ ఇచ్చేది అందుకే. డిగ్రీ చదివినా ఉద్యోగాల నోటిఫికేషన్లు రావడం లేదు కాబట్టి బర్రెలు కొనుక్కున్నానని ఆమె ఒక చిన్న వీడియోలో చెప్పింది. దాని మీద పోలీసు కేసు కూడా పెట్టారు. తిట్టుగా వాడే వాక్యాన్ని ఆమె ఉన్నదున్నట్టుగా చేసి చూపించింది, అంతే! జనం బర్రెలక్క అన్నారు. ఆ పేరులో ఎంత ముద్దు ఉందో అంత వెటకారమూ ఉంది. 2023 నవంబర్ శాసనసభ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి ఈల గుర్తు మీద స్వతంత్రంగా నిలబడి, పార్టీల అండ ఏదీ లేకుండా 5,700కు పైగా ఓట్లు తెచ్చుకుంది. ఓడిపోయింది. ఆమె రాజకీయాలు ఎటు పోయాయి, పోతాయి అన్నది ఇక్కడ నా విషయం కాదు. టీవీ చర్చల్లో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు 'బర్రె' దగ్గర గొంతు మార్చి నవ్వుతూ 'అక్క' అనడం చూసే ఉంటారు. అక్క అనేసరికి నవ్వడం కుదరదు. ఆ చిన్న ఇబ్బందిలో, మూడు వందల పేజీల భాషా సంస్కరణ కంటే ఎక్కువ పని జరిగిందని నేననుకుంటాను.

చట్టం ఉద్దేశాన్ని చూస్తుంది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటకు పాత శిక్షాస్మృతిలోని 509, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 79 - రెండింటిలోనూ అవమానించాలనే ఉద్దేశం ఉందా అన్నదే ప్రశ్న. వంటింట్లో అత్త అన్న 'ఈనింది' ఆ సెక్షన్ దాకా ఎప్పుడూ పోదు. పశువుల పుస్తకంలో 'ఈనింది' అన్న మాట మాత్రం ఎర్ర సిరా దాకా పోతుంది.

అమీర్‌పేట హాస్టల్లో నా పక్కగదిలో వెటర్నరీ చదివిన అమ్మాయి ఉండేది. ఉద్యోగ పరీక్షకి తయారవుతూ, మధ్యలో పల్లెల్లో పశువైద్య శిబిరాలకి వెళ్లొచ్చేది. డాక్టరు ఆడపిల్ల అనేసరికి రైతులు నీళ్లు నములుతారని చెప్పేది. "మేడం, మా బర్రె... అంటే... ఇగ జర..." అని ఆగిపోతారట. తలపాగా సర్దుకుంటారు, పక్కకి చూస్తారు. వెనకాల నిలబడ్డ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

"నేనే అడిగేస్తాను అక్కా," అనేది ఆ పిల్ల. "ఎదకొచ్చిందా, ఎప్పటి నుంచి, అని. అప్పుడు భార్య ముందుకొస్తుంది. తెల్లారగట్ట పాలు పిండేటప్పుడు చూసినా, తీగ ఏసింది అంటుంది. అట్లయితే సాయంత్రం సూది వేద్దాం అంటాను."