తేలడంతో ఆగిపోయే నౌక పాఠం

ఇనుప మేకు నీటిలో మునుగుతుంది, ఇనుముతో కట్టిన నౌక తేలుతుంది, కారణమేమి? ఈ ప్రశ్న లేని భౌతికశాస్త్ర వాచకం బహుశా లేదు. సమాధానమూ అందరికీ కంఠస్థమే. నౌక తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది కాబట్టి తేలుతుంది. ఆర్కిమెడిస్ పేరు చెప్పి, ఒక పటం గీసి, పాఠం అక్కడ ముగుస్తుంది. ఉపాధ్యాయుడు తరువాతి అధ్యాయానికి వెడతాడు. జనరంజక వ్యాసాలు కూడా ఎక్కువగా ఈ గట్టు దాటవు.

ఈ సమాధానంలో తప్పు లేదు. లోపం దానిని ముగింపుగా భావించడంలో ఉన్నది. నౌకను నిర్మించేవానికి తేలడం మొదటి ప్రశ్న, అన్నిటికంటె సులభమైనది కూడ. తేలిన నౌక నిటారుగా నిలుస్తుందా, కెరటాలమీద దాని నడుము విరగకుండా ఉంటుందా, ఎంత శక్తితో ఎంత వేగంగా సాగుతుంది అనే మూడు ప్రశ్నలు మిగిలి ఉంటాయి. నౌకానిర్మాణ పరిశోధన దాదాపు అంతా ఈ మూడింటిని గూర్చినదే. వాచకం ఈ మూడింటిని గూర్చి మౌనం వహించింది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతపు పాఠశాలల్లో ఈ మౌనం మరింత ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అక్కడి పిల్లల్లో పలువురికి గోదావరి ఏలూరు కాలువ తెలుసు, కొల్లేరు తెలుసు, తాటిదోనె తెలుసు. వారికి తెలిసిన వస్తువును విడిచి ఎన్నడూ చూడని సముద్రనౌకతో పాఠం ఆరంభించడం ఏమి బోధనా పద్ధతి?

కొన్ని వివరణలు పొరపాటుకు కూడ దారి తీస్తాయి. నౌక లోపల గాలి ఉండడంచేత తేలుతుంది అంటారు కొందరు. గాలికి అందులో పాత్ర లేదు. నౌకలోని గాలినంతా తీసివేయగలిగినా, గోడలు నొక్కుకుపోకుంటే అది తేలుతూనే ఉంటుంది, కాస్త తేలికగా కూడ. నీటిని తొలగించేది నౌక ఆక్రమించిన ఘనపరిమాణం. గాలి అనే మాట విన్న విద్యార్థి, నౌకను బెలూను వంటిదని ఊహించుకుంటాడు.

అంతకంటె పెద్ద లోపం పటంలో ఉన్నది. పాఠంలోని నౌక సాధారణంగా ప్రక్కనుండి కనిపిస్తుంది: ముందు మొన, వెనుక పొగగొట్టం, క్రింద నీటి గీత. పడవ బోర్లాపడేది నిలువు దిశలో కాదు, అడ్డంగా. బోర్లాపడే సంగతి తెలియవలెనంటే పడవను అడ్డంగా కోసి చూపిన పటం కావాలి. ఆ ఒక్క పటం లేకపోవడంచేత నౌకాశాస్త్రంలో సగం విద్యార్థి కంటికి రాకుండా పోయింది.

అడ్డుకోత పటంలో రెండు బిందువులు గుర్తించాలి. ఒకటి మొత్తం బరువుకు కేంద్రమైన గరిమనాభి. రెండవది తొలగిన నీటి ఆకారానికి కేంద్రమైన ఉత్ప్లవన కేంద్రం. పడవ ఒక ప్రక్కకు ఒరిగితే గరిమనాభి స్థానం మారదు. ఉత్ప్లవన కేంద్రం మాత్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడనుండి పైకి గీసిన నిలువు గీత పడవ మధ్యరేఖను ఒకచోట ఖండిస్తుంది. దానినే మెటాసెంటరు అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగే 1746లో నౌకను గూర్చి వ్రాసిన గ్రంథంలో ఈ బిందువును నిర్వచించాడు. గరిమనాభి దీనికి క్రింద ఉంటే పడవ తిరిగి లేస్తుంది; పైన ఉంటే బోర్లాపడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం రెండు సందర్భాలలోనూ చెక్కుచెదరదు. బోర్లాపడిన పడవ కూడా తేలవచ్చును.

దీనిని తాటిదోనెపై లెక్కించి చూడవచ్చు. సౌలభ్యం కొరకు దోనె 3 మీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె అనుకుందాం. దోనె 60 కిలోలు, ఎక్కిన మనిషి 60 కిలోలు. అప్పుడది నీటిలో 8 సెంటీమీటర్లు దిగుతుంది. ఉత్ప్లవన కేంద్రం అడుగునుండి 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుండి మెటాసెంటరు ఎత్తు, పెట్టె ఆకారానికి, వెడల్పు వర్గాన్ని దిగిన లోతుకు 12 రెట్లచే భాగించగా వస్తుంది. అది 26 సెంటీమీటర్లు. మొత్తం 30. మనిషి అడుగున కూర్చుంటే అతని గరిమనాభి 30 సెంటీమీటర్ల ఎత్తున, దోనెది 15 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుంటే, ఉమ్మడి గరిమనాభి 22.5 దగ్గర ఉంటుంది. క్షేమమే. అతడే లేచి నిలబడితే అతని గరిమనాభి 95 సెంటీమీటర్లకు పోతుంది, ఉమ్మడిది 55కు చేరుతుంది. 30 ఎక్కడ, 55 ఎక్కడ! కొల్లేటిలో నిలబడి గెడ వేసేవాడు పడిపోడు గదా అని విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడ. అతనిని నిలబెట్టేది దోనె కాదు. పాదాల ఒడుపు, నేలకు తగిలిన గెడ. సైకిలు తొక్కడం వంటిదే ఆ విద్య. కొత్తవాడు నిలబడితే ఏమవుతుందో లెక్క ముందే చెప్పింది.

ఇక రెండు దోనెలను ప్రక్క ప్రక్కన బిగించి పైన బల్లలు పరిచిన సంగడిని చూడండి. పైదానివంటి దోనెలే రెండు, మధ్యరేఖల నడుమ ఒకటిన్నర మీటరు దూరం, లోతు అదే 8 సెంటీమీటర్లు. ఉత్ప్లవన కేంద్రంనుండి మెటాసెంటరు ఎత్తు రెట్టింపు అవుతుందని చాలామంది ఊహిస్తారు. లెక్క వేస్తే 28 రెట్లు వస్తుంది! 26 సెంటీమీటర్లు ఏడు మీటర్లు దాటుతుంది. సంగడిమీద పది మంది నిలబడి ఏరు దాటడంలోని రహస్యం ఇదే. ఈ మాట చాలా పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం పెరిప్లస్, ఈ తూర్పు తీరంలో మానులను జతచేసి కట్టిన 'సంగర' అనే పెద్ద నావలను పేర్కొన్నది. ఆ పేరునూ సంగడినీ పండితులు పోల్చారు. తెలుగు నిఘంటువులో ఉన్న ఈ మాట తెలుగు భౌతికశాస్త్ర పాఠంలోకి మాత్రం ఇంకా రాలేదు.

నిలకడను గూర్చిన అజ్ఞానానికి చెల్లించిన మూల్యం చరిత్రలో ఉన్నది. బ్రిటిషు యుద్ధనౌక కెప్టెన్ 1870 సెప్టెంబరు 7న స్పెయిను తీరం దాపున గాలివానలో ఒరిగి మునిగింది. దాదాపు 500 మంది మరణించారు. దానిని రూపొందించిన కూపర్ కోల్స్ వారిలో ఒకడు. నౌకాశాఖ ప్రధాన నిర్మాత ఎడ్వర్డ్ రీడ్ ముందే ఆక్షేపించాడు. అది సలక్షణంగా తేలుతూ వచ్చిన నౌకే. నీటిపైన ఉండవలసిన ప్రక్కగోడ తక్కువ కావడంచేత, ఒక కోణం దాటి ఒరిగిన తరువాత లేచే బలం దానికి లేకపోయింది. అంతదూరం పోనక్కరలేదు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాలకు కారణాలు ఒక్కొక్క చోట ఒక్కొక్కటి. కాని పడవలో ఒక్కసారిగా లేవరాదు, అందరూ ఒకే ప్రక్కకు జరుగరాదు అనే మాటకు శాస్త్రీయమైన కారణాన్ని పదవ తరగతి చదివిన పిల్లవాడు చెప్పలేకపోతే, అతడు వల్లించిన సూత్రం వలన ఒరిగిందేమిటి?

దృఢత్వం సంగతి మరీ అన్యాయమైపోయింది. మందమైన ఇనుము వాడితే నౌక గట్టిగా ఉంటుందని సామాన్యుల ఊహ. పాఠం దానిని సవరించదు. కెరటం శిఖరం నౌక నడుముక్రింద ఉన్నప్పుడు రెండు కొనలూ వ్రేలాడతాయి. కొనలు రెండు శిఖరాలమీద ఉన్నప్పుడు నడుము కుంగుతుంది. సముద్రంలో ఈ వంపు ఇటూ అటూ మారుతూనే ఉంటుంది. నౌక అంటే ఒక బోలు దూలం. దూలంలో ఎక్కువ ప్రతిబలం పై అంచునా క్రింది అంచునా, మధ్యలో తక్కువ. తాటిమానులో గట్టి కలప అంచున ఉంటుంది, లోపలిది మెత్తని పీచు. దోనె తొలిచేవాడు ఆ మెత్తనిదాన్ని తీసివేసి అంచును ఉంచుతాడు. ఇంజనీరు ఉక్కును ఎక్కడ ఉంచాలని లెక్క కడతాడో, తాటిచెట్టు కలపను దాదాపు అక్కడనే ఉంచింది.

అయితే దోనెను పెద్దది చేసినంతమాత్రాన నౌక కాదు. 4 మీటర్ల దోనెను అన్ని కొలతలూ 40 రెట్లు పెంచి 160 మీటర్లు చేస్తే, బరువు 64,000 రెట్లవుతుంది. దానిని భరించే కోతవైశాల్యం 1,600 రెట్లే. ప్రతిబలం 40 రెట్లు పెరుగుతుంది. గెలీలియో జంతువుల ఎముకలను గూర్చి చెప్పిన తర్కమే ఇది. ఉక్కు గుణమూ చూడాలి. అమెరికాలో షెనెక్టడీ అనే కొత్త చమురునౌక 1943 జనవరి 16న, కెరటమే లేని రేవులో, పెద్ద చప్పుడుతో నడుమ పగిలింది. దాని తరువాత జరిగిన పరిశోధనలలో చలికి పెళుసయ్యే ఉక్కు, వెల్డింగు లోపాలు, చదరపు మూలలవద్ద గుమిగూడే ప్రతిబలాలు వెలుగులోకి వచ్చాయి.

ఇక్కడ మరొక రకం వ్యాసాలను గూర్చి చెప్పవలసి ఉన్నది. ప్రాచీనులకు నౌకాశాస్త్రం సమస్తమూ తెలుసునని, భోజుని పేర ఉన్న యుక్తికల్పతరువును సాక్ష్యంగా చూపే వ్యాసాలవి. రాధాకుముద్ ముఖర్జీ 1912లో భారతీయ నౌకాయానంపై వ్రాసిన గ్రంథం ద్వారా ఇది ప్రసిద్ధమయింది. పొడవు, వెడల్పు, ఎత్తుల నిష్పత్తులను బట్టి నావలను వర్గీకరించి, కొన్నిటిని అశుభమని త్రోసివేయడం నిజంగా విలువైన విషయం. ఆ అశుభం వెనుక నిలకడలేమి అనుభవం ఉండవచ్చును. కాని సముద్రనావ అడుగు పలకలకు ఇనుము వాడరాదని, సముద్రంలోని అయస్కాంతం దానిని లాగుతుందని చెప్పిన కారణం తప్పు. నియమం మాత్రం పనికిరానిది కాదు. మేకులు లేక కొబ్బరి పీచు త్రాటితో కుట్టిన మసూలా పడవ, చెన్నపట్నం తీరపు కెరటాల దెబ్బకు విరగక వంగి నిలిచింది. మంచి ఆచారానికి చెడ్డ కారణం చెప్పవచ్చునని ఒప్పుకుంటే ఆ గ్రంథానికి గౌరవం తగ్గదు.

చలనం విషయంలో మాత్రం పాఠం చేయదగిన పని చాలా తేలిక. ఒకప్పుడు కాలువ గట్టుమీద నడుస్తూ మనుషులు పడవను త్రాటితో లాగేవారు. ఆ త్రాటిలో ఒక స్ప్రింగు త్రాసు కట్టి ఉంటే నీటి నిరోధం కొలిచినట్లే! విలియం ఫ్రూడ్ ఇంగ్లండులోని టార్కీలో 1872 నాటికి నిర్మించిన తొట్టి చేసినది ఇదే. నమూనాను లాగి, నిరోధాన్ని ఘర్షణ భాగమని, కెరటాల భాగమని విడదీశాడు. నమూనా పొడవు నౌకలో 25వ వంతు అయితే వేగం 5వ వంతు ఉండాలి; అప్పుడే కెరటాల రూపం ఒకటవుతుంది. హంస అని, బొంతకాకి అని పేర్లు పెట్టిన రెండు నమూనాలలో ఒక వేగంవద్ద ఒకటి, మరొక వేగంవద్ద మరొకటి మేలని తేల్చి, అన్నిటికీ శ్రేష్ఠమైన ఆకారం ఒకటున్నదనే నమ్మకాన్ని సడలించాడు.

విశాఖపట్నంలోని నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో ఇటువంటి తొట్టి 500 మీటర్ల పొడవున ఉన్నది. 1969లో ఏర్పడిన ఆ సంస్థలో ప్రొపెల్లరు రెక్కలవద్ద పీడనం తగ్గి నీరు బుడగలుగా మారడాన్ని పరిశీలించే సొరంగం కూడ ఉన్నది. అదే ఊరి నౌకానిర్మాణ కేంద్రంనుండి 1948 మార్చి 14న జలఉష నీటిలోకి జారింది. వాచకాలలో జలఉష దేశాభిమానపు వాక్యంగా కనిపిస్తుంది. దాని అడ్డుకోత పటం కనిపించదు.

ప్రొపెల్లరును గూర్చి కొల్లేటి చుట్టూ ఉన్న చెరువులే పాఠం చెబుతాయి. ఏరేటరు చక్రం నీటిని ఎగజిమ్ముతుంది. గాలి కలపడం దాని పని కాబట్టి ఆ చిందులాట మంచిదే. అటువంటి చక్రంతోనే నడిచిన పాత స్టీమరుకు అది నష్టం. అదే తోపుడు బలాన్ని రెట్టింపు నీటిని సగం వేగంతో వెనుకకు నెట్టి పొందితే, వృథా అయ్యే శక్తి సగమే. పెద్ద నౌకలకు పెద్ద ప్రొపెల్లరు, నెమ్మదిగా తిరిగేది, అమర్చడానికి ఇదొక కారణం.

లోతు తక్కువైన కాలువలో మరొక హద్దు ఎదురవుతుంది. మీటరు లోతు నీటిలో పెద్ద కెరటం సెకనుకు దాదాపు 3.1 మీటర్ల వేగం మించదు. అంటే గంటకు 11 కిలోమీటర్లు. పడవ ఆ వేగాన్ని సమీపించినకొద్దీ నిరోధం హఠాత్తుగా పెరుగుతుంది, గట్లు కోసుకుపోతాయి. కాకినాడ, ఏలూరు కాలువలను 2008లో 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. వాటిలో తిరుగవలసిన పడవకు ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత వేగం తగునన్నది సముద్రనౌకల పుస్తకం చూసి తేల్చే లెక్క కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో ఆరంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆ కాలువ దాపుననే ఉన్నది. అక్కడికి చేరే విద్యార్థి ఉన్నతపాఠశాలలోనే ఒక రేకు పెట్టె, నాలుగు గులకరాళ్ళు, ఒక పుల్లతో మెటాసెంటరును వెదికి ఉండాలి. రాళ్ళను అడుగున పెట్టి ఒకమారు, పుల్లమీద ఎత్తుగా కట్టి ఒకమారు పెట్టెను ఒరిగించి చూడడానికి నీళ్ళ తొట్టి చాలు, పావుగంట చాలు.